నట్టు మీద తెల్ల గీత

అక్టోబర్ 22

ఇది కెన్‌గో నోటు పుస్తకం. ముందు పేజీలన్నీ వాడి కారు గురించే. ఏ రోజు నూనె మార్చాడు, ఏ మలుపులో ఏ చప్పుడు వచ్చింది. చివరి మాట పదిహేడో తారీకుది: "రేపు దైసెన్ కొండకి. వాన లేదట." దాని కింద నేను రాస్తున్నాను. మనుషులకి చెబితే ఊరుకోమ్మా అంటారు. కాగితం అనదు.

ఈ రోజు వాడి ఎముకలు పుల్లలతో ఏరి కుండలో వేశాం. యాభై ఒక్కేళ్ళ అక్క నలభై మూడేళ్ళ తమ్ముడి ఎముకలు ఏరడమేమిటి? ఎడమ భుజం ఎముకలేవీ దొరకలేదు. అక్కడ అంతా ముక్కలే.

అంతకుముందు, కెన్‌గో కారు చక్రాలు బిగించిన కదొవాకి వచ్చాడు. నల్ల సూటు వేసుకుని, తల వంచుకుని, వాడి ఫోటో ముందు అగరుపొడి వేయబోయాడు. నా చేతిలో జపమాల ఉంది. దానితోనే మొహం మీద కొట్టాను. దారం తెగి పూసలు గదంతా దొర్లాయి. పూజారి మంత్రం ఆపేశాడు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావురా?" అన్నాను.

ఇరవై రెండేళ్ళుగా అతన్ని కదొవాకి అన్నా అనే పిలిచాను. 'రా' అనడం ఇదే మొదలు. కంటి కింద చీరుకుపోయి నెత్తురు కారుతోంది. అతను కిక్కురుమనకుండా మోకాళ్ళ మీద కూర్చుని పూసలన్నీ ఏరి, చేతిగుడ్డలో మూటకట్టి, గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళాడు. అదీ నాకు నచ్చలేదు. తిరగబడితే ఇంకోటి తగిలించేదాన్ని.

మా సాన్ఇన్ ప్రాంతపు కవసెమి పాత కార్ల క్లబ్బులో ఒకటే రూలు. ఎవడి చక్రం వాడు బిగించుకోకూడదు. సొంత కారంటే ప్రేమ ఉన్నవాడికి కళ్ళు కనపడవని క్లబ్బు పెద్ద యొనెహారా మాష్టారు పెట్టిన రూలు. బయల్దేరే పొద్దున జతగాడు వచ్చి, టక్కుమని చప్పుడొచ్చేదాకా రెంచితో బిగించి, నట్టు మీంచి చక్రం మీదికి రంగు పెన్నుతో ఒక గీత గీస్తాడు. నట్టు కదిలితే గీత విరిగినట్టు కనపడుతుంది. ఎవరి రంగు వారిది. మాష్టారుది నీలం. నాది పసుపు. కదొవాకిది తెలుపు.

ఆ పొద్దున కెన్‌గో కారుకి ఉన్నవన్నీ తెల్ల గీతలే. ఎర్ర కారు మీద తెల్లగా, ముచ్చటగా. కొండ దిగుతుంటే ముందు ఎడమ చక్రం ఊడి కారుకంటే ముందు పరిగెత్తింది. వెనక కారులో నేనున్నాను. అన్నీ చూశాను. రోడ్డు అంచు విరిగింది, చెట్లు విరిగాయి, తర్వాత చప్పుడు.

బ్రేకు కీచుమంటోంది అక్కా అంటే ఆ పొద్దునే దాన్ని కూడా సరిచేసి పెట్టాను. అంత బాగున్న కారుని ఒక్కడి నిర్లక్ష్యం మింగేసింది.

అక్టోబర్ 25

షెడ్డు తెరవలేదు. ఇద్దరు వచ్చి షట్టరు కొట్టారు. లోపల్నించి సుత్తి విసిరాను. షట్టరుకి సొట్ట పడింది. నాది టింకరింగ్ షెడ్డే కదా, సొట్ట తీయడం నాకు తెలుసు.

నవంబర్ 1

నెల మొదటి ఆదివారం. నకాఉమి సరస్సు పక్కన మా కార్లన్నీ వరసగా నిలబెట్టి కాఫీ తాగే రోజు. తొమ్మిది కవసెమిలు. పదోది పోలీసుల దగ్గర నలిగి పడి ఉంది. ఈ బండ్లు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఒక కారు పోతే ఒక కారు పోయినట్టే. మనిషి సంగతి చెప్పేదేముంది?

అందరూ నన్ను చూసి గొంతు తగ్గించారు. కదొవాకి దూరంగా తన ఆకుపచ్చ కారు పక్కన నిలబడ్డాడు. కంటి కింద కట్టు.

"వీణ్ణి క్లబ్బులోంచి గెంటండి," అన్నాను మాష్టారుతో. "వీడి పేరు కొట్టేయండి. ఈ సాన్ఇన్‌లో ఎవడూ వీడి పక్కన కారు ఆపకూడదు. ఎవడి చక్రం మీదా వీడి చెయ్యి పడకూడదు."

"కాస్త నెమ్మదించమ్మా," అన్నాడు మాష్టారు. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు బడిలో లెక్కలు చెప్పాడు, ఇంకా అందరం ఆయనకి ఏడో తరగతి పిల్లలమే. "ఇరవై తొమ్మిదిన ఏడాది మీటింగు ఉంది. అక్కడ అడుగు. చేతులెత్తిస్తాను."

"చేతులెందుకు? గీతలు చూడలేదా మీరు?"

"చూశామమ్మా. బయల్దేరేముందు అందరి గీతలూ చూశాం. సరిగ్గానే ఉన్నాయి."

"అయితే చక్రం దానంతటదే ఊడిందా?"

కదొవాకి నోరు తెరిచి మళ్ళీ మూశాడు. బల్ల మీద గాజు బూడిదగిన్నె ఉంటే విసిరాను. వాడి కారు అద్దానికి తగిలి అద్దం సాలెగూడులా పగిలింది. వాడు ఆ అద్దం వైపు కూడా చూడలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేల వైపు చూస్తున్నాడు.

ఇరవై తొమ్మిది. ఆ రోజు వాడి పేరు కొట్టేస్తే నేను అన్నం తింటాను.

నవంబర్ 3

నా తోలు చేతి తొడుగుల్లో ఎడమదొక్కటే ఉంది. కుడిది కనపడలేదు. ఎక్కడ పారేశానో.

నవంబర్ 8

రాయాలి. ఇప్పుడే రాయాలి.

పొద్దున పదింటికి కదొవాకి పియర్ తోటకి వెళ్ళాను. పళ్ళ కోత అయిపోయింది, చెట్లన్నీ పందిరి తీగెల మీద చేతులు చాపినట్టు ఉన్నాయి. కొట్టంలో కారు ఉంది. కొత్త అద్దం ఇంకా వేయించలేదు. నేను బండి దిగి నా పెద్ద సుత్తి తీశాను.

మొదటి దెబ్బ బానెట్ మీద. పాత ఉక్కు, మోగింది. రెండోది దీపం మీద. మూడు, నాలుగు, తలుపు మీద. ఎంత బాగుందో చెప్పలేను. కెన్‌గో పోయాక నా ఛాతీలో ఏదో అడ్డం పడింది, ప్రతి దెబ్బకీ అది కొంచెం కిందికి దిగింది. గాజు పెంకు చెంపలో గుచ్చుకుంది. గుచ్చుకోనీ.

ఇంట్లోంచి ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. వాడి పెళ్ళాం తమాయే మనిషి పిట్టంత, గొంతు మాత్రం కాకిది.

"చెప్పండి ఆవిడకి! ఇంకా ఎన్నాళ్ళు? చెప్పి పారెయ్యండి!"

"నోర్ముయ్, తమాయే," అన్నాడు వాడు.

చూశావా? పెళ్ళానికి కూడా తెలుసు. తప్పు ఒప్పుకోమని పెళ్ళామే అంటోంది. వాడు ఒప్పుకోడు.

నేను కుడివైపు మడ్‌గార్డు మీదికి సుత్తి ఎత్తాను. వాడు వచ్చి దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇది వద్దు ఫుమియే. ఇది నువ్వు చేసింది. మూడు నెలలు కూర్చుని చేశావు."

నిజమే. పోయినేడు చలికాలమంతా ఆ రేకు వంపు కోసం చచ్చాను. ఆ మాట అనకపోతే దించేదాన్నేమో. ఆ మెత్తదనం చూసే ఒళ్ళు మండింది.

"తియ్యరా చెయ్యి."

"వద్దమ్మా."

తియ్యలేదు. దించాను.

రేకు మీద సుత్తి పడ్డ చప్పుడు నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఇది ఆ చప్పుడు కాదు. తడి కట్టె విరిగినట్టుంది. వాడు అరవలేదు, కూర్చుండిపోయాడు. కుడి చేతి మూడు వేళ్ళు వేరే వైపు చూస్తున్నాయి. తమాయే కేకలు పెడుతోంది. నేను బండెక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చి షిజిమి గవ్వల పులుసు వేడిచేసుకుని రెండు గిన్నెలు తాగాను. ఇరవై రోజుల తర్వాత ఆకలేసింది.

నవంబర్ 9

పోలీసులు వస్తారని బట్టలు మార్చుకుని కూర్చున్నాను. రాలేదు.

నవంబర్ 10

మాష్టారు వచ్చాడు. జాకీ జారి చెయ్యి నలిగిందని ఆసుపత్రిలో చెప్పాడట కదొవాకి. మూడు వేళ్ళకీ ఊచలు పెట్టారట. చలికాలం కొమ్మలు కత్తిరించే కత్తెర పట్టుకోలేడట. తోటంతా ఆ మనిషి చెయ్యే కదమ్మా, అన్నాడు మాష్టారు, నా కళ్ళలోకి చూస్తూ.

"జాకీ జారిందన్నాడు కదా. జారిందేమో."

"నువ్వు వెళ్ళావా ఫుమియే?"

"మీకు టీ కావాలా?"

ఆయన టీ తాగకుండా వెళ్ళిపోయాడు. తప్పు చేయనివాడు వేళ్ళు విరగ్గొట్టించుకుని నోరు మూసుకుంటాడా? చెప్పండి. మీరే చెప్పండి. ఎవర్నడుగుతున్నానో నాకే తెలియదు.

నవంబర్ 15

పోలీసులు కారు ఇచ్చేశారు. లారీ మీంచి దించుతుంటే ముక్కలు రాలాయి. కెన్‌గో సీటు మీద నల్లటి మరక. సబ్బుతో కడిగాను. వదల్లేదు. సీటు కోసి తీసి కాల్చేశాను.

చక్రం వేరేగా మూట కట్టి ఇచ్చారు. నాలుగు బోల్టుల్లో ఒక్కటీ విరగలేదు, మర అరిగిందంతే. అంటే నట్లు మొదట్నుంచీ వదులే. మూడు నట్లు కొండ మీదే పోయాయి. ఒకటి మాత్రం చక్రం కప్పులో ఇరుక్కుని మిగిలింది. దాని మీద తెల్ల గీత.

ఇదే సాక్ష్యం. మీటింగులో బల్ల మీద పెడతాను.

నవంబర్ 19

ఆ పొద్దున తీసిన గ్రూపు ఫోటో మాష్టారు అందరికీ పంపాడు. కెన్‌గో మధ్యలో, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ముందు పంటి మీద పన్ను. నేను చివర్న ఉన్నాను, పరిగెత్తుకొచ్చినట్టు జుట్టు చెదిరి. ఎడమ చేతికి తొడుగు ఉంది, కుడి చేతికి లేదు.

చలిగా ఉంది ఆ పొద్దున. అంతే.

నవంబర్ 20

చలిగా ఉంటే రెండు చేతులకీ వేసుకుంటారు.

నవంబర్ 22

మీటింగులో తడబడకూడదని, చక్రం వదులుగా ఉంటే ఎలా ఉంటుందో చూపించడం సాధన చేద్దామని కూర్చున్నాను. కారు ముందుభాగం జాకీ మీద పెట్టాను. ఎడమ చక్రం ఎత్తి బోల్టులకి తగిలించాను. మిగిలిన ఒక్క నట్టునీ వేళ్ళతో ఎక్కించి, స్పానర్‌తో తిప్పడం మొదలుపెట్టాను. పాత మర, ఎండిపోయి బిగుతుగా తిరిగింది. తిప్పాను, తిప్పాను. నట్టు మీది తెల్ల గీత వచ్చి చక్రం మీది తెల్ల గీతతో కలిసింది.

నా చెయ్యి ఆగిపోయింది.

ఎవరూ ఆపమనలేదు. దానంతటదే ఆగింది. అలవాటైన చోట ఆగినట్టు ఆగింది.

నట్టుకీ చక్రానికీ మధ్య గోరు పెట్టి చూశాను. దూరింది. ఇంకో చుట్టు తిరిగి గీత మళ్ళీ కలిస్తేనే అది బిగిసినట్టు.

గీత గీశాక చక్రం విప్పకూడదు. విప్పితే పాత గీత చెరిపి, బిగించి, కొత్త గీత గీయాలి. పదేళ్ళ పిల్లలకి కూడా తెలుసు మా క్లబ్బులో. అక్కా బ్రేకు కీచుమంటోంది అన్నాడు. కదొవాకి గీతలు గీసి వెళ్ళిపోయాక అన్నాడు. విప్పాను. లోపలి రేకు వంగి రాసుకుంటోంది, సుత్తితో రెండు దెబ్బలు. మళ్ళీ చక్రం పెట్టాను. గాల్లో ఉన్న చక్రం గట్టిగా బిగించబోతే తిరిగిపోతుంది, అందుకని గీతకు గీత కలిసేదాకా బిగించాను, కిందికి దించాక రెంచితో బిగిద్దామని. నట్లు వేళ్ళకి దొరక్క కుడి తొడుగు తీసేశాను. కారు కిందికి దించాను. మాష్టారు "ఫోటో! ఫోటో! ఫుమియే, కెన్‌గో, మీ ఇద్దరికోసమే!" అని కేకేశాడు. వాడు నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

తిరిగొచ్చి చూశాను. నాలుగు గీతలూ నాలుగు గీతలతో కలిసి ఉన్నాయి. ముచ్చటగా ఉన్నాయి.

"పదరా," అన్నాను. వాడితో నేనన్న చివరి మాట అదే.

నవంబర్ 23

బయల్దేరేముందు చక్రాలు చూసే చివరి చూపు కదొవాకిదే. తెల్ల గీతలకి పూచీ తెల్ల పెన్ను వాడిదే. రెంచి పెట్టి చూడాల్సింది. చూడలేదు. కాబట్టి తప్పు వాడిదే. నేను మధ్యలో ఒక చిన్న సాయం చేశానంతే. తమ్ముడు అడిగితే అక్క చెయ్యదా?

నవంబర్ 24

చిన్న సాయం.

నవంబర్ 26

తుక్కు కొనేవాడికి ఫోన్ చేశాను. కారు, చక్రం, నట్టు, అన్నీ తీసుకుపొమ్మన్నాను. రేపు నలగ్గొట్టే మిషన్‌లో వేసేస్తానన్నాడు. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. కెన్‌గోకి కూడా తెలియదు కదా.

నవంబర్ 27

తుక్కువాడు వచ్చాడు. చక్రం మీద చెయ్యి వేశాడు. కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాను. "పిచ్చెక్కిందా నీకు? నువ్వే కదా రమ్మన్నావు!" అని ఏడుపు గొంతుతో అరుస్తూ పోయాడు పాపం. వాడి టోపీ ఇక్కడే పడిపోయింది.

నవంబర్ 29

మీటింగు నుంచి ఇప్పుడే వచ్చాను. నోట్లో దూది ఉంది. వరసగా రాస్తాను, మధ్యలో అబద్ధాలు దూరకుండా.

ఊరి సంఘం గదిలో బల్లల చుట్టూ కూర్చున్నాం. కదొవాకి చెయ్యి తెల్ల కట్లలో తలగడంత ఉంది. పక్కన తమాయే. మాష్టారు నా కోరిక చదివి, కదొవాకీ, చెప్పేదేమైనా ఉందా అని అడిగాడు. కదొవాకి లేచాడు.

"చివరి చూపు నాదే. గీతలు కలిసి ఉన్నాయని చూశాను, రెంచి పెట్టలేదు. తప్పు నాదే. ఫుమియే అడిగినట్టే నా పేరు కొట్టేయండి."

తమాయే అతని కోటు పట్టుకుని లాగుతోంది. అతను కదల్లేదు.

చేతులు లేవబోతున్నాయి. నేను లేచాను.

"ఆగండి. ఆ చక్రం ఆ పొద్దున నేను విప్పాను. ఇతను గీతలు గీశాక. సగమే బిగించి ఫోటోకి వచ్చాను. కెన్‌గోని చంపింది నేను."

మాష్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశారా ఎంత పెద్ద మనసో! కదొవాకి పరువు కాపాడ్డానికి తప్పు తన మీద వేసుకుంటోంది. కూర్చోమ్మా, కూర్చో. కెన్‌గో ఆత్మ సంతోషిస్తుంది."

ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. చప్పట్లు! నాకు ఒళ్ళంతా జెర్రులు పాకాయి.

బండిలోంచి చక్రం, బోల్టులున్న ఇనప దిమ్మ తెచ్చి బల్ల మీద వేశాను. గాజుగ్లాసులు ఎగిరిపడ్డాయి. చక్రం తగిలించి, ఆ ఒక్క నట్టూ ఎక్కించి, అందరూ చూస్తుండగా స్పానర్‌తో తిప్పాను. తెల్ల గీత వచ్చి తెల్ల గీతతో కలిసింది. చెయ్యి అక్కడే ఆగింది.

"మాష్టారూ, గోరు పెట్టి చూడండి."

ఆయన వంగి గోరు పెట్టాడు. దూరింది. ఇక ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కదొవాకి వైపు తిరిగాను. "నీకు తెలుసు కదా, అన్నా?"

అతను కోటు జేబులోంచి ఎడమ చేత్తో నా కుడి తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు. "కారు ఆపిన చోట జాకీ పక్కన పడి ఉంది. ఆ పొద్దునే చూశాను, తర్వాత ఇద్దామనుకుని జేబులో వేసుకున్నాను. నీ షెడ్డుకి రెండుసార్లు వచ్చాను ఫుమియే. షట్టరు తియ్యలేదు. తర్వాత... ఎలా చెప్పను నీకు?"

స్పానర్ బల్ల మీదే ఉంది. తమాయే ఎప్పుడు తీసిందో చూడలేదు. పిట్టంత మనిషి, రెండు చేతులతో పట్టుకుని నా నోటి మీద కొట్టింది. నేల మీద పడ్డాక ఇంకోటి, భుజం మీద. కెన్‌గోది పోయిన భుజం వైపే.

"నీ తమ్ముడు పోయాడని ఊరుకున్నామే! చెంప పగలగొట్టినా ఊరుకున్నాం, కారు పగలగొట్టినా ఊరుకున్నాం! మా ఆయన వేళ్ళు నీకేం చేశాయే? ఏం చేశాయి?"

నోట్లో రెండు పళ్ళు విడిగా తిరుగుతున్నాయి. కదొవాకి ఆ కట్ల చెయ్యి అడ్డం పెట్టి ఆవిడని పట్టుకున్నాడు. పట్టుకోకుండా ఉంటే బాగుండేదనిపించింది.

చేతులు ఎవరూ ఎత్తలేదు. నా కారు ముందున్న ఏడో నంబరు క్లబ్బు బిళ్ళ నేనే ఊడబీకి మాష్టారు ముందు పెట్టాను.

నవంబర్ 30

జావ.

డిసెంబర్ 6

తోటకి వెళ్ళాను, కొమ్మలు కత్తిరించి పెడతానని. తమాయే కుక్కని వదిలింది. కాలి పిక్క మీద నాలుగు పళ్ళు దిగాయి. రేపు మళ్ళీ వెళ్తాను.

డిసెంబర్ 7

మళ్ళీ వదిలింది.

డిసెంబర్ 13

మంచు పడుతుందని రేడియోలో చెప్పారు. పొద్దున తమాయే తోట పనుల చిన్న ట్రక్కు నడుపుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆపింది. వెనక నాలుగు మంచు టైర్లు.

"మా ఆయన చెయ్యి బాలేదు," అంది. "నాకు రాదు. వెయ్యి."

ఈ ఊళ్ళో ఇంకో మూడు షెడ్లు ఉన్నాయి. ఆ సంగతి నేననలేదు. ఆవిడా అనలేదు.

జాకీ పెట్టాను, విప్పాను, కొత్త టైర్లు ఎక్కించాను, దించాను. ఆవిడ చలిలో చేతులు కట్టుకుని నా నెత్తి మీదే నిలబడింది. రెంచి టక్కుమంది.

"ఇంకా," అంది.

"ఇంతే బిగించాలి. ఎక్కువైతే—"

"ఇంకా."

బిగించాను.

"ఇంకా."

రెంచికి గొట్టం తొడిగి, ఒళ్ళంతా దాని మీద వేసి లాగాను. బోల్టు పుటుక్కున తెగింది. రెంచి జారి నా మోకాలి చిప్ప మీద కొట్టుకుంది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. అలాగే నేల మీద కూర్చుని, కెన్‌గో పోయాక మొదటిసారి, పళ్ళు లేని నోటితో గట్టిగా ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. వెళ్ళిపోనూ లేదు.

ఏడుపు అయ్యాక, "కొత్తది వెయ్యి," అంది.

వేశాను. అన్నీ టక్కుమనేదాకా బిగించాను. ఈసారి ఇంకా అనలేదు. పసుపు పెన్ను తీసి గీత గీయబోతే, అక్కర్లేదని చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, తోట మట్టి పట్టిన తన గోరుని ఒక్కొక్క నట్టు చుట్టూ తిప్పి చూసింది. నాలుగు చక్రాలూ, ఒక్క నట్టు కూడా వదలకుండా.

గోరు ఎక్కడా దూరలేదు.